విద్యుత్ కారు సంరక్షణ – ఆయిలు లేని బండికి సర్వీసు ఎందుకు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మేట్రన్ గారు అడిగినప్పుడు మొదట 'కాలుష్య నివారణ' గురించి రాద్దామనుకున్నాము. కానీ ఆ వ్యాసం మన సంచికలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో మేము చదువుకున్నదానిలో మా ఇంటికి నిజంగా అక్కరకు వచ్చిన సంగతి ఒకటి రాస్తున్నాము.

మా నాన్న కారు డ్రైవరు. కారు సొంతం కాదు, విజయవాడలో ఒక ట్రావెల్స్ యజమానిది. ఇరవై రెండేళ్ళు డీజిల్ బండ్లు నడిపిన తరువాత మూడేళ్ళ క్రితం ఆయన చేతికి విద్యుత్ కారు ఇచ్చారు. మాకు ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. మన హాస్టల్‌లో భోజనాల దగ్గర ఒకసారి లెక్క వేసుకుంటే, ఆటో, కారు, లారీ, షెడ్డు – వీటిలో ఏదో ఒకదాని మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం పదకొండు మందిమి తేలాము. కాబట్టి 'ఆడపిల్లలకు కార్ల గొడవ ఎందుకు' అని పేజీ తిప్పేయకండి.

విద్యుత్ కారు కొన్నవాళ్ళు మొదట చెప్పే మాట ఒకటే: "దీనికి మెయింటెనెన్సే లేదు." ఈ మాటలో సగం నిజం ఉంది. ఇంజన్ లేదు కాబట్టి ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, సైలెన్సరు – ఇవేవీ లేవు. మోటారులో తిరిగే ముఖ్య భాగం రోటారు ఒక్కటే. మిగిలిన సగం ఏమిటంటే, నలుపు ఆయిలు చూసి, శబ్దం విని, పొగ రంగు చూసి జబ్బు కనిపెట్టే అవకాశం కూడా దానితోనే పోయింది. విద్యుత్ కారు జబ్బు కంటికీ చెవికీ తెలియదు. మీటరుకు తెలుస్తుంది, కంప్యూటరుకు తెలుస్తుంది, కాగితం మీద అంకెలు రాసుకునే వాళ్ళకు తెలుస్తుంది. తెలియని చోట తప్పు ఎవరి మీద పడుతుందో కూడా చెబుతాము.

మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి రేవా అనే చిన్న విద్యుత్ కారు వచ్చింది. అందులో 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది, మొత్తం 48 వోల్టులు. మన ఇళ్ళలో ఇన్వర్టరు బ్యాటరీకి పోసినట్లే వాటికి కూడా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఇప్పటి కార్లలో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. దానికి నీళ్ళు పోయనక్కరలేదు, దాని మూత మనం విప్పకూడదు. అయితే ఇప్పటి కారులో బ్యాటరీలు రెండు ఉంటాయని చాలామందికి తెలియదు. మా నాన్న కథ అక్కడే మొదలైంది.

చిన్న బ్యాటరీ

ఒకనాడు తెల్లవారుజామున నాలుగున్నరకు నాన్న ఫోను చేశారు. "అమ్మా, బండి చచ్చిపోయిందమ్మా. తాళం కూడా తీయట్లేదు. రాత్రి డెబ్బై శాతం చూపించింది" అన్నారు. ఎయిర్‌పోర్టు ట్రిప్పు పోయింది. యజమాని వచ్చి, "రాత్రిళ్ళు ఛార్జింగులు పెట్టి బ్యాటరీ కాల్చేశావు. బ్యాటరీ అంటే ఎంతో తెలుసా? నీ నాలుగేళ్ళ జీతం" అన్నారట. నెలకు రెండు వేల చొప్పున కోస్తానన్నారు, మొదటి నెల కోశారు కూడా.

అసలు జరిగినది ఇది. సీటు కింద, నేల వెంబడి ఉండే పెద్ద బ్యాటరీ బండిని నడుపుతుంది. దానితో పాటు ముందు మూత కింద మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఒకటి ఉంటుంది. తలుపు తాళాలు, లైట్లు, వైపర్లు, తెర, లోపలి కంప్యూటర్లు అన్నీ దాని మీదే పనిచేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. పెద్ద బ్యాటరీకీ మోటారుకూ మధ్య కాంటాక్టర్లు అనే పెద్ద స్విచ్చులు ఉంటాయి. ఇవి మనం ఇంటర్ ల్యాబులో చూసిన రిలే వంటివే. కాయిల్‌లో కరెంటు పారితే మూసుకుంటాయి, ఆగితే తెరుచుకుంటాయి. ఆ కాయిల్‌కు కరెంటు ఇచ్చేది చిన్న బ్యాటరీయే. మన హాస్టల్ పై ట్యాంకు నిండుగా ఉన్నా, వాల్వు తిప్పే వాచ్‌మన్ రాని రోజు కుళాయిలో చుక్క రాదు కదా. ఇదీ అంతే.

డీజిల్ బండిలో చిన్న బ్యాటరీని ఆల్టర్నేటరు ఛార్జి చేస్తుంది. విద్యుత్ కారులో ఆల్టర్నేటరు లేదు. బండి ఆన్‌లో ఉన్నప్పుడు, ఛార్జింగులో ఉన్నప్పుడు డి.సి.-డి.సి. కన్వర్టరు అనే పరికరం పెద్ద బ్యాటరీ నుంచి తీసుకుని దీనిని నింపుతుంది. చిన్న బ్యాటరీ చాలా బండ్లలో లెడ్ యాసిడ్ రకమే కాబట్టి మూడు నాలుగేళ్ళలో దాని ఆయుష్షు తీరుతుంది. మన కోస్తా ఎండలకు ఇంకొంచెం ముందే తీరవచ్చు. ఇంజన్ బండి అయితే స్టార్టరు ఈడ్చుతూ మూలుగుతుంది, 'బ్యాటరీ వీకైంది' అని ముందే తెలుస్తుంది. ఇక్కడ స్టార్టరు లేదు, మూలుగు లేదు. నిన్న సాయంత్రం బాగున్న బండి ఈ ఉదయం చచ్చిపడి ఉంటుంది.

ముందుగా తెలుసుకునే మార్గం తేలికైనది. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు చాలు. బండి ఆపి రెండు మూడు గంటలు ఆగి, చిన్న బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్లు. 12 కన్నా దిగితే ఖాళీ అయిపోయినట్లే. బండి ఆన్ చేసి మళ్ళీ కొలిస్తే, కన్వర్టరు పనిచేస్తున్నట్లయితే 13 దాటి చూపించాలి. మీటరు పెట్టవలసింది చిన్న బ్యాటరీకి మాత్రమే. దీనిని గట్టిగా గుర్తు పెట్టుకోండి.

సర్వీసు సెంటరు వారు ఇచ్చిన బిల్లు ఫొటోను నాన్న మాకు వాట్సాప్‌లో పంపించారు. బిల్లు మొత్తం ఇంగ్లీషు. నాన్న తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు రాదు. అందులో 'ఆగ్జిలరీ బ్యాటరీ రీప్లేస్డ్' అని ఉంది. 'బ్యాటరీ' అన్న మాట యజమానికి కనిపించింది, 'ఆగ్జిలరీ' అన్న మాట కనిపించలేదు. ఆగ్జిలరీ అంటే సహాయక, అనగా చిన్న బ్యాటరీ. ఛార్జింగు పెట్టినందువల్ల అది పాడు కాదు, నిజానికి ఛార్జింగులోనే అది కూడా నిండుతుంది. ఈ మాట ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, బొమ్మ గీసి నాన్నకు పంపాము. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని తీసుకెళ్ళి యజమాని గారికి చూపించారు. రెండో నెల కోత ఆగింది. మొదట కోసిన రెండు వేలు మాత్రం తిరిగి రాలేదు.

పెద్ద బ్యాటరీ

లిథియం అయాన్ బ్యాటరీ అనేది ఒక పెద్ద ముద్ద కాదు, చిన్న చిన్న సెల్స్ వరుస. ఒక్కొక్కటి 3.2 వోల్టుల సెల్స్ 100 సిరీస్‌లో కలిపితే 320 వోల్టులు. వందలో ఒక్కటి బలహీనపడినా మిగతా తొంభైతొమ్మిదీ దాని దగ్గర ఆగవలసిందే. నడకలో ఒకరి కాలు నొప్పి పెడితే గుంపంతా నెమ్మదించినట్లు. ప్రతి సెల్‌నూ చూసుకునే కంప్యూటరును బి.ఎం.ఎస్. అంటారు.

ఈ బ్యాటరీకి అసలైన శత్రువు వేడి. రెండవది అతి. అంటే ఎప్పుడూ పూర్తిగా నిండి ఉండడం, లేదా పూర్తిగా ఖాళీగా పడి ఉండడం. అందుకే చాలామంది 20 నుంచి 80 శాతం మధ్య ఉంచమని చెబుతారు. అయితే ఈ సలహా అన్ని బండ్లకూ ఒకేలా వర్తించదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్స్ ఉన్న బండ్లలో ఛార్జి ఎంత ఉన్నా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది. దానివల్ల నిండింది యాభై శాతమా, అరవై శాతమా అని బి.ఎం.ఎస్. పొరబడవచ్చు. అప్పుడప్పుడు నెమ్మది ఛార్జింగులో 100 శాతం వరకు నింపితే దాని లెక్క సరి అవుతుంది, సెల్స్ సమం అవుతాయి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకానికి రోజూ 100 నింపడం అంత మంచిది కాదు. మన బండిలో ఏ రకమో ఓనర్ మాన్యువల్‌లో చూసుకోకుండా స్టాండులో ఎవరో చెప్పినది పాటించడం సరి కాదు.

మధ్యాహ్నం రెండు గంటల ఎండలో హైవే మీద వచ్చి వెంటనే ఫాస్ట్ ఛార్జింగు పెట్టే బదులు, అవకాశం ఉంటే నీడలో కాసేపు ఆపి పెట్టడం మేలు. నాలుగైదు రోజులు బండి కదలదు అనుకుంటే సగం ఛార్జితో వదలాలి. అంతకు మించి పెద్ద బ్యాటరీకి మనం చేసే సేవ లేదు.

డ్రైవర్ల మీద పడే రెండో నింద 'మైలేజి'. తెర మీద 250 అని చూపించిన బండి 190 కే దిగిపోతే 'నువ్వు తొక్కేస్తున్నావు' అంటారు. ఇందులో డ్రైవరు వాటా కొంత ఉంది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని డిగ్రీలో చదివాము. గంటకు 80 నుంచి 100 కి.మీ.కు పెంచితే ఆ నిరోధం 56 శాతం పెరుగుతుంది. కానీ 'ఎయిర్‌పోర్టుకు టైమైంది, తొక్కు' అనేది వెనుక కూర్చున్న వారు. ఏ.సి. పెంచమనేదీ వారే. అందుకని మేము నాన్న చేత ఒక నోటుబుక్కు పెట్టించాము. తేదీ, బయలుదేరినప్పుడు శాతం, కి.మీ., తిరిగి వచ్చినప్పుడు శాతం, కి.మీ., ఏ.సి. ఉందా లేదా. ఆరు గడులు. ఆరు నెలలు రాస్తే బ్యాటరీ నిజంగా తగ్గుతున్నదా, రోడ్డును బట్టి మారుతున్నదా అనేది దానంతట అదే తెలుస్తుంది. వారంటీ అడగవలసి వచ్చినా ఇటువంటి లెక్క, సర్వీసు బిల్లులు ఉండాలి. ఉదాహరణకు 2020లో వచ్చిన నెక్సాన్ ఇ.వి. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఇచ్చారు. టాక్సీకి కి.మీ.లే ముందు పూర్తవుతాయి.

ప్లగ్గు దగ్గర జాగ్రత్త

హాస్టల్‌లో హీటర్ కాయిల్ పెట్టి మేట్రన్ గారికి దొరికిన వాళ్ళకు ఈ భాగం బాగా అర్థమవుతుంది. ఇంటి దగ్గర 3.3 కిలోవాట్ల ఛార్జరు పెడితే, 230 వోల్టుల మీద 14 ఆంపియర్లకు పైగా కరెంటు పారుతుంది. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే తొమ్మిది గంటలకు పైనే. హీటరు పావుగంట, ఇది తెల్లవార్లూ.

సాకెట్ లోపల పిన్ను వదులై 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. జూల్ నియమం ప్రకారం ఉష్ణం కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. 14 × 14 × 0.1 = 19.6, దాదాపు 20 వాట్లు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో మనం టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే సాకెట్ లోపల ఇంచుమించు ఒక సోల్డరింగ్ ఐరన్ రాత్రంతా కాలుతున్నట్లు. అదే సాకెట్‌లో సెల్‌ఫోన్ ఛార్జరు పెడితే 0.1 ఆంపియరు, వేడి ఒక వాటులో వెయ్యో వంతు. కాబట్టి 'ఇన్నేళ్ళుగా బాగానే ఉన్న సాకెట్' అనే మాటకు అర్థం లేదు.

మా నాన్న మొదట్లో వీధి వైపు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి పెట్టేవారు. ఒక రాత్రి ప్లాస్టిక్ కాలిన వాసనకు మా అమ్మ లేచింది కాబట్టి సరిపోయింది. బాక్సు ఒక పక్క కరిగిపోయి ఉంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడకూడదు. మెయిన్ నుంచి వేరే వైరు, 4 చ.మి.మీ. రాగి వైరయితే మంచిది, వేరే ఎం.సి.బి., ఎర్త్ లీకేజీ బ్రేకరు, మంచి 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్ర లైటు వేసి ఆగిపోతాయి. అది ఛార్జరు చెడిపోవడం కాదు, మన ప్రాణం కాపాడడం. దానిని మోసం చేయడానికి న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అలా చేయనివ్వకండి. ఛార్జింగు మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చేయి వెనుక భాగం ఆనించి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చేయి ఆనించలేకపోతే వెంటనే స్విచ్ ఆపాలి.

పాత పనులు

టైర్లు, బ్రేకులు, వైపర్లు, సస్పెన్షన్, ఏ.సి. ఫిల్టరు ఎప్పటిలాగే ఉన్నాయి. బ్యాటరీ బరువు వందల కిలోలు కాబట్టి, మోటారు లాగుడు మొదటి క్షణంలోనే పూర్తిగా అందుతుంది కాబట్టి టైర్లు త్వరగా అరగవచ్చు. పదిహేను రోజులకొకసారి గాలి చూడాలి. సుమారు 10,000 కి.మీ.కు ఒకసారి టైర్లు మార్చి వేయించాలి. మోటారుకూ బ్యాటరీకీ చల్లదనం ఇచ్చే కూలెంట్ ఉన్న బండ్లలో కంపెనీ చెప్పినదే పోయాలి. కుళాయి నీళ్ళు పోయరాదు. ఒకే గేరు పెట్టె ఉంటుంది, దానికి కొంచెం ఆయిలు ఉంటుంది. ఎప్పుడు మార్చాలో పుస్తకంలో ఉంటుంది.

బ్రేకుల సంగతి విచిత్రమైనది. కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి బండిని ఆపుతూ బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఫారడే నియమమే. అందువల్ల ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. కానీ వాడని కత్తికి తుప్పు పట్టినట్లు, వాడని డిస్కుకూ తుప్పు పడుతుంది. క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. బందరు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ. 'ప్యాడ్లు అరగలేదు' అని చూసి వదిలేయకుండా, ఏడాదికి ఒకసారి చక్రం విప్పించి, పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి అరుగుదలతో సంబంధం లేకుండా సాధారణంగా రెండేళ్ళకు మార్చాలి.

నారింజ రంగు తీగలు

మా మేనమామ షెడ్డులో మెకానిక్. పదో ఏట పానా పట్టారు, ఏ బండినైనా విప్పి బిగిస్తారు. నాన్న కారు మూత ఎత్తి, లావుపాటి నారింజ రంగు తీగ పట్టుకుని "ఇదేంటి బావా" అని లాగి చూశారట. బండి ఆఫ్‌లో ఉంది, తీగ మీది తొడుగు బాగుంది, ఏమీ కాలేదు. ఆ మాట విన్న రోజు మాకు నిద్ర పట్టలేదు. 12 వోల్టులతో చేయి అలవాటైన వాళ్ళకు భయం ఉండదు. ఈ పనిలో అనుభవం ఎక్కువ ఉన్నవారికే ప్రమాదం ఎక్కువ.

నారింజ రంగు తొడుగు ఉన్న తీగ అంటే అధిక వోల్టేజి. బండి ఆపినా పెద్ద బ్యాటరీ లోపల ఆ వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. ఇన్వర్టరులోని కెపాసిటర్లలో కూడా కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుంది. డి.సి. కరెంటు ఏ.సి.లాగా సెకనుకు వందసార్లు సున్నాకు రాదు కాబట్టి, తీగ విడదీసినప్పుడు పుట్టిన మంట త్వరగా ఆరదు. శిక్షణ పొందిన వారు పని చేసే పద్ధతి ఇది: బండి ఆపి, తాళం దూరంగా పెట్టి, చిన్న బ్యాటరీ నెగెటివ్ విప్పి, సర్వీస్ డిస్‌కనెక్టు తీసి తమ దగ్గరే పెట్టుకుంటారు. మాన్యువల్‌లో చెప్పినంతసేపు, సాధారణంగా ఐదు పది నిమిషాలు, ఆగుతారు. 1000 వోల్టులకు తగిన రబ్బరు గ్లౌజులు, వాటి పైన తోలు గ్లౌజులు వేసుకుంటారు. రబ్బరు గ్లౌజులో ప్రతిసారీ గాలి నింపి చిల్లి ఉందేమో చూస్తారు. ఉంగరం, గొలుసు, వాచీ తీసేస్తారు. తరువాత మీటరుతో కొలిచి 60 వోల్టుల లోపు ఉంటేనే చేయి పెడతారు. ఒంటరిగా పని చేయరు. ఇది ఇంటి దగ్గర చేయడానికి కాదు, ఎందుకు చేయకూడదో తెలియడానికి రాశాము.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్ళలో ఉన్నాయి. నాన్న ఆ రోజు గుంటూరులో ఉండడంతో ఆ కారు బయటపడింది. మునిగిన విద్యుత్ కారును 'ఎండలో ఆరింది కదా' అని ఆన్ చేయకూడదు, ఛార్జింగు అసలు పెట్టకూడదు. ఇళ్ళకు దూరంగా బయట నిలపాలి. లోపల బురద నీరు చేరితే కొన్ని రోజుల తరువాత కూడా మంట రావచ్చు. తాడు కట్టి లాగించకూడదు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. లారీ మీద ఎక్కించే తీసుకెళ్ళాలి.

ఐ.టి.ఐ.లలో ఇప్పుడు 'మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికిల్' అనే ట్రేడు ఉంది. మా మేనమామ కొడుకు పది పాసై దానిలో చేరాడు. వాళ్ళ నాన్నకు రోజూ సాయంత్రం ఒక పాఠం చెబుతున్నాడట. మేనమామ ఇప్పుడు నారింజ తీగ కనిపిస్తే చేతులు వెనక్కు కట్టుకుని నిలబడతారని అత్త నవ్వుతూ చెప్పింది. మన హాస్టల్‌లో పాలిటెక్నిక్ చదివే చెల్లెళ్ళు ముగ్గురు ఉన్నారు. మీటరు పట్టడం నేర్చుకోవాలంటే ఆదివారం మధ్యాహ్నం మా గదికి రండి, మీటరు ఉంది, పాత ఇన్వర్టరు బ్యాటరీ వాచ్‌మన్ గది వెనుక ఉంది.

నాన్న నోటుబుక్కు ఇప్పుడు రెండోది నడుస్తున్నది. పోయిన వారం ఇంటికి వెళ్ళినప్పుడు చూశాము. ఆరు గడుల పక్కన ఆయనే ఏడో గడి ఒకటి గీసుకున్నారు. దాని పైన వంకర టింకరగా 'చిన్న బ్యాటరీ' అని రాసి, కింద 12.5 అని వేశారు.